బాయి పూజ

సఫిల్‌గూడల నేను వాల్‌మన్‌ని.
పదకొండు గల్లీలు, పదమూడు వాల్వులు,
నా భుజాలెత్తు ఇనుప తాళం ఒకటి.
ఏ ఇంట్ల ఏ పొద్దుకు బిందె మోగాల్నో
నా మణికట్టుకు ఎరుక.

మాకు చెరువు కట్ట కింద రెండు రేకుల అర్రలు.
కిటికీ తీస్తే ఎదురుంగ నీళ్ళే,
నోట్ల పోసుకోరాని నీళ్ళు.
గుర్రపుడెక్క మీద నీటికాకి
రెక్కలు ఇప్పి నిలబడుతది,
అంగీ ఇస్త్రీకిచ్చి ఎదురుచూసేటోని లెక్క.
మేము తాగేది గోదారి.
జిల్లాలకు జిల్లాలు పైపులల్ల నడిచొచ్చి
మా చెరువు పక్కకెల్లి
పలకరియ్యకుంట పోతది.

గాంధీ దవాఖాన నుంచి బిడ్డను తెచ్చిన రోజు వాన.
కట్ట మీద ఆటో ఆగిపోతే
డ్రైవర్ తన సీటు కవరు గుంజి
తల్లీబిడ్డలకు గొడుగు పట్టిండు.
పైసలియ్యబోతే
పాప కాలు ముట్టి కండ్లకద్దుకున్నడు.

మూడు దినాలు నవనీతకు పాలు పడలే.
ఎల్లిపాయ కారం కలిపిన బువ్వ పెట్టుకుంట
మా అత్త బుచ్చవ్వ
నా దిక్కు చూసేది, తప్పు నాదే అన్నట్టు.
డ్యూటీకి పోతే నాలుగో గల్లీల ఖాళీ బిందెలు.
"ఏమాయెనే, ఇంకా రాకపాయె?"
"లైన్ల గాలున్నది అక్కా,
గాలి పోయినంక వస్తయి."
ఆ మాటనే ఇంటికొచ్చి నవనీతకు చెప్పిన.
ఏడ్చేది ఏడ్చేదే నవ్వింది.
నవ్వితే కుట్లు గుంజినయి, మళ్ళ ఏడ్చింది.

నాలుగో నాడు తెల్లారంగ
జాకెట్టు తడిసి, చాప తడిసి,
బిడ్డ గుటక సప్పుడు.
పొద్దంత ఆ ప్రెషర్ ఈ ప్రెషర్ చూసేటోన్ని,
ఇంత చిన్న గొంతుల
ఇంత పెద్ద ధార ఎట్ల వట్టిందో!
ఎడమకు పది నిమిషాలు, కుడికి పది,
గడియారం చూసుకుంట చెప్పబోతే
"ఇది నీ వాల్వు గాదు, పో" అన్నది.

ఇరవై ఒకటో రోజు.
బాయి పూజ గాంది బాలింత నీళ్ళు తోడొద్దు,
బుచ్చవ్వ మాటంటే మాటే.
బాయేది?
"ఉండెనే బేటా," అన్నడు టైర్ల దుకాణం ఇస్మాయిల్ చాచా,
"నేను ఈత నేర్చింది దాంట్లనే.
అగో, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద."
బుచ్చవ్వ పోయి చూసింది.
కంచె మీద పుర్రె, రెండు బొక్కలు.
"థూ, పసిదాన్ని ఈడికి తెస్తనా?"
చెరువు అంచుకు పోయింది,
కొంగు ముక్కుకడ్డం పెట్టుకొని శానసేపు నిలబడ్డది.
"గంగమ్మనే. గని పానం బాగలేదు ఆమెకు.
మంచంల ఉన్నదాన్ని ఏం అడుగుతం?"

ఆఖరికి నన్నడిగింది.
"నువ్వు తిప్పేది ఏడనో?"

నాలుగో గల్లీ మలుపు. ఇంకా చీకటే.
మూత లేపితే బొద్దింకలు ఉరికినయి.
సిమెంటు అంచుకు పసుపు, బొట్లు,
ఐదు రాళ్ళు, ఇన్ని గుగ్గిళ్ళు.
చెవులల్ల దూది, తలకు స్కార్ఫు,
నవనీత వంగలేక వంగి
తాళం మీద నా చెయ్యి పక్కన చెయ్యేసింది.
తిప్పినం.
ముందు దగ్గు. తర్వాత ఏం లేదు.
వీధి కుక్క చెవులు నిక్కించింది.
అప్పుడు మా పాదాల కింద
గోదారి కదిలింది.
బిడ్డ నిద్రల పెదవులు చప్పరించింది గని
కండ్లు తెరవలే.

దగ్గరి నల్లా కాడ నవనీత చెంబు నింపింది.
అందులకెల్లి గిలాసెడు
బుచ్చవ్వ కట్ట దిగి చెరువుల పోసొచ్చింది,
రోగికి పోసినట్టు, మెల్లగ.

నాలుగో గల్లీల ఎవరో కేకేసిన్రు:
"ఇయ్యాల ముందుగాలనే వచ్చినయే!"
వాల్వు తిప్పింది నాలుగు ముప్పావుకు.
రిజిస్టర్ల ఐదు అనే రాసిన.